నవలల పెట్టెతో దివిసీమకు

బందరు స్టేషనులో బండి కదిలేసరికి మా వరసలో ఉన్నవి ఇవి: ఒక రేకు ట్రంకు, అందులో కొత్త నవలలు అయిదు. నా చేతిసంచి, అందులో రెండు జతల బట్టలు, ఒక స్లయిడు రూలు, చెక్కిన పెన్సిళ్లు. అర్ధశేరు హల్వా పొట్లం. తడిగుడ్డ కప్పిన పీతల బుట్ట, అది నాది కాదు. మనుషుల్లో నేను, పీతల బుట్ట తెచ్చుకున్న ఆవిడ, ఒక కొత్త జంట, తాలూకా కచేరీలో పనిచేసే గుమస్తా గారు.

నాది అనంతపురం జిల్లా. మెకానికల్ డిప్లొమా ముగించి బెజవాడలో ఆయిలింజన్లు బాగుచేసే కార్ఖానాలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. అక్కడ మేం కొందరం నెలకు తలా అర్ధరూపాయి వేసుకుని కొత్త నవలలు కొంటాం. చదివేసినవి గది మూల పడి ఉండటం ఎందుకని నా పక్క బల్ల దగ్గర పనిచేసే ప్రభుదాసు మూడేళ్ల కిందట వాటిని ఒక పెట్టెలో సర్ది దివిసీమలో బడిపంతులమ్మగా ఉన్న వాళ్ల అక్క సుగుణమ్మ గారికి పంపాడు. ఆమె ఉండేది సముద్రం మీద బతికే వాళ్ల పాలెం. మధ్యాహ్నం పూట ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆమె చదువుతుంది, వాళ్లు వింటారు. అలా మూడేళ్లు సాగింది.

ఇప్పుడు ఆమెకు గుడివాడ బదిలీ అయింది. ఆ పెట్టె మాకివ్వండని ముదినేపల్లిలో మా సభ్యుడి బావగారు అడుగుతున్నారు. అందుకని మా సంఘం ఒక నియమం పెట్టింది. పాలెంలో ఎవరైనా ఒక నవలను మొదటి పుట నుంచి చివరి పుట దాకా పదిమందికి చదివి వినిపించగలిగితే పెట్టె అక్కడే ఉంటుంది, కొత్త అయిదూ దానిలో చేరతాయి. లేకపోతే పాతవీ కొత్తవీ అన్నీ ముదినేపల్లికి వెళ్తాయి. బందరులో ఒక ఐసు ఫ్యాక్టరీ ఇంజను పని నాకు పడింది కాబట్టి, అది చూసుకుని అటునుంచి అటే వెళ్లి తేల్చుకు రమ్మన్నారు.

నవలల ఎంపిక కూడా నాదే. అందుకు ఒక పట్టిక వేశాను. పుటలెన్ని, అక్షరం ఎంత లావు, ముఖ్యపాత్రలెందరు, కుటుంబం సంగతి ఎంత, కష్టం ఎంత, మనిషి తానెవరో వెతుక్కోవడం ఎంత, ఇలా ఆరు గళ్లు. నలభై నవలల్ని ఆ జల్లెడలో పోస్తే అయిదు మిగిలాయి. అన్నీ ఈ రెండు మూడేళ్లలో వచ్చినవే. వాటి అట్టల మీది పేర్లు దారిలో ఎవరికీ నోటికి రాలేదు. గానుగ నవల, కుట్టుమిషను నవల అని జనమే పేర్లు పెట్టారు. నాకూ అవే అలవాటయ్యాయి.

బందరు

ఇంజను రెండు రోజుల్లో దారికొచ్చింది. మిగిలిన పూట హల్వా దుకాణం బెంచీ మీద గడిపాను. మా వైపు హల్వా అంటే గోధుమరంగు ముద్ద. ఇక్కడిది నల్లగా మెరుస్తుంది, వేలితో నొక్కితే మళ్లీ లేస్తుంది. నయాపైసలొచ్చినా బేరం మాత్రం అణాల్లోనే. అర్ధశేరుకు పద్దెనిమిది అణాలు అడిగి, దాన్ని పైసల్లోకి మార్చే పని నాకే వదిలేశారు.

దుకాణదారు వీరాస్వామి గారు మూకుట్లో గరిట తిప్పుతూ నా చేతిలోని పుస్తకం వైపు చూశారు.

“ఏంటండీ, అంత ఇదిగా చదువుతున్నారు?”

“నవలండీ. ముగ్గురన్నదమ్ములు, ఒక గానుగ.”

“గానుగ ఎవరి వాటాకొచ్చింది?”

“అది తేలడానికే రెండు వందల పుటలు పట్టిందండీ.”

“మాకు పక్షం రోజుల్లో తేలిపోయింది. మూకుడు నాకు, దుకాణం మా తమ్ముడికి.”

“మరి మీరు ఇక్కడే వండుతున్నారే?”

“దుకాణం లేకుండా మూకుడు నేనేం చేసుకోను? మూకుడు లేకుండా దుకాణం వాడేం చేసుకుంటాడు? పొద్దున్న నేను వండుతాను, సాయంత్రం వాడు అమ్ముతాడు. మాటలే లేవు.” కాసేపు గరిట తిప్పి, “మీ పుస్తకంలో వాళ్లు మాట్లాడుకుంటారా?” అన్నారు.

“చివర్లో ఒక్క మాట అనుకుంటారండీ.”

“ఏమని?”

“చదివితే తెలుస్తుంది.”

ఆయన తూకం వేసిన పొట్లంలో ఇంకో ముక్క వేసి నా చేతికిచ్చారు. “ఇప్పుడు చెప్పండి.”

నేను చెప్పలేదు. మీకూ చెప్పను. పంపకాల కథలు చాలా వస్తున్నాయి, వాటిలో ఎవరో ఒకరు చెడ్డవాళ్లవుతారు. ఈ నవలలో ముగ్గురూ మంచివాళ్లే, అయినా ఇల్లు ముక్కలవుతుంది. అన్నదమ్ములున్న వాళ్లందరూ చదవాలి.

బండిలో

కొత్త పెళ్లికూతురికి కుట్టుమిషను నవల అట్ట నచ్చింది. పరాయి మగవాడితో మాట్లాడలేక మధ్యలో భర్తను పెట్టుకుంది.

“ఏమండీ, ఆ మిషను ఎవరిదో అడగండి.”

“మిషను ఎవరిదంటండీ?” అన్నాడతను, ఆమె మాట నాకు వినపడనట్టు.

“ఒక విధవరాలిదండీ. అద్దె ఇంట్లో ఉంటూ ఇద్దరు చెల్లెళ్లను దాని మీద చదివిస్తుంది. పెద్దదానికి ఉద్యోగం వచ్చాక, మా అక్క బట్టలు కుడుతుందని చెప్పుకోవడానికి నామోషీ పడుతుంది.”

“ఏమండీ, అక్కకు తెలుస్తుందేమో అడగండి.”

అతను అడిగేలోపు పీతల బుట్ట మీది గుడ్డ జారింది. ఒక పీత బయటపడి ఆమె చీర కుచ్చెళ్ల దగ్గరకొచ్చింది. “ఏమండీ” అని ఆమె కేకపెడితే కంపార్టుమెంటులో నలుగురు మగవాళ్లు ఒకేసారి లేచారు. గుమస్తా గారు లేచింది బెంచీ మీదకు. పీతలావిడ తీరుబడిగా దాన్ని వెనకనుంచి పట్టుకుని బుట్టలో వేసి, “అది కరవదు లెండి, భయపడింది అంతే” అంది. భయపడింది పీతో గుమస్తా గారో చెప్పలేదు.

ఆ నవలలో అక్కకు తెలుస్తుంది. తెలిశాక ఆమె చేసే పని కోసమే ఆ నవల చదవాలి. నూట అరవై పుటలు, అక్షరం పెద్దది, దీపం దగ్గర కూడా చదువుకోవచ్చు.

గుడివాడ

దారిలో వాళ్లింట్లో ఒక రాత్రి ఆగమని ప్రభుదాసు చెప్పాడు. అతని నాన్న దేవదానం గారు రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసి మానుకున్నారు. వాళ్ల తాతలు పరాయి చేలల్లో కూలి చేసినవాళ్లు. ఇప్పుడు ఒక కొడుకు మా కార్ఖానాలో, ఇంకొకడు ఆస్పత్రిలో కాంపౌండరు, కూతురు పంతులమ్మ. భోజనానికి ముందు ప్రార్థన పెద్దదిగా చేశారు. అందులో బందరు ఇంజను కూడా వచ్చింది. వంకాయా రొయ్యలూ కలిపి వండుతారని నాకు ఇక్కడే తెలిసింది. మా ఇంట్లో వంకాయను ఒంటరిగానే వండుతారు. ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నానో అప్పుడర్థమైంది.

ట్రంకు తెరిస్తే ఆయన కళ్లజోడు తీసేశారు.

“నవలలా? జరగనిది జరిగినట్టు రాస్తే అబద్ధం కాదా నాయనా?”

“ఒక్కటి చూడండి. నచ్చకపోతే మూసేయండి” అని నర్సు నవల ఇచ్చాను. పల్లెలో క్రైస్తవుల ఇంట పుట్టిన పిల్ల పట్నంలో నర్సు అవుతుంది. వార్డులో ఆమెను పల్లెటూరిదంటారు, పల్లెలో పట్నందంటారు, తాగడానికి నీళ్లు ఇచ్చే చోట ఆమెకు మాత్రం వేరే గ్లాసులో ఇస్తారు.

మర్నాడు కాఫీల వేళకు ఆయన పుస్తకం ముగించి వాకిట్లో కూర్చుని ఉన్నారు.

“అబద్ధమే” అన్నారు. “కాని మా చెల్లెలికి జరిగిందే రాశాడు. ఈ రచయితకు మా చెల్లెలు ఎలా తెలుసు?”

“తెలియదండీ.”

“తెలియకుండా గ్లాసు సంగతి ఎలా రాస్తాడు?” అని భార్యను పిలిచి, నేను బయల్దేరేలోపు ముగించమని పుస్తకం ఆమె చేతిలో పెట్టారు.

పాలెంలో పరీక్షకు ఏ నవల తీసుకోనని అడిగాను. ఒక్కొక్కదాని కథా చెప్పించుకుని, రెండు ఇంటిపేర్ల నవల దగ్గర ఆపారు. కరువు నాడు ఒక తల్లి తన పిల్లవాణ్ణి పిల్లల్లేని దంపతులకిచ్చేస్తుంది. వాళ్లు అతని పేరూ ఇంటిపేరూ మార్చి పెంచుతారు. రైల్వేలో గుమస్తా అయ్యాక అతను మొదటి పేరు పట్టుకుని తల్లిని వెతుక్కుంటూ బయల్దేరతాడు.

“ఇదే పట్టుకెళ్లు” అన్నారు దేవదానం గారు. “నాకు బాప్తిస్మం ఇచ్చేదాకా లచ్చయ్యనే. ఇప్పటికీ మా ఊరు వెళ్తే లచ్చయ్యే. రెండిటికీ పలుకుతాను గాని, వెనకనుంచి లచ్చయ్యా అంటే ముందు తిరుగుతాను. పేరు సంగతి ఎవరికైనా తగులుద్ది.”

నా పట్టికలో కూడా దానికే ఎక్కువ మార్కులు. ఇద్దరం ఒకే మాట మీద ఉన్నామని పొంగిపోయాను.

పామర్రు నుంచి నది దాకా

పామర్రులో బస్సు మారాలి. అక్కడ పెసరట్టు విస్తరి దాటి ఉంది. మా జిల్లాలో కనుచూపు మేర రాయి కనిపిస్తే ఇక్కడ కనుచూపు మేర ఒక్క రాయి లేదు. వరి కోసేసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. నీళ్లంటే మా ఊళ్లో చేదతో తోడుకునే వస్తువు. ఇక్కడ ప్రతి ఇంటి ముందునుంచీ ఊరికే పోతుంటాయి, ఎవరూ వాటి వంక చూడరు కూడా.

మోపిదేవిలో గుండ్లు చేయించుకున్న పిల్లలతో బస్సు నిండిపోయింది. అక్కడి స్వామికి మొక్కుకుని కన్న పిల్లలకు ఆ స్వామి పేరే పెడతారట. నా పక్కన కూర్చున్న రైతు నవ్వుతూ, “ఈ బస్సులో సుబ్బా అని పిలవండి, డ్రైవరు కూడా తిరుగుతాడు” అన్నాడు. నేను పిలిచి చూడలేదు. డ్రైవరు చూపు రోడ్డు మీద ఉండటమే మంచిది.

తరవాత కాలువను నది మీదుగా దాటించిన అక్విడక్టు వచ్చింది. కింద కృష్ణ పాయ, పైన కాలువ. నీళ్ల మీద నీళ్లు వెళ్లడం పుస్తకంలో బొమ్మగా గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, కళ్లతో చూడటం అదే మొదలు. మెడ నొప్పి పుట్టేదాకా వెనక్కి తిరిగి చూశాను. రైతు నా వంక జాలిగా చూసి, “మీ ఊళ్లో కాలవల్లేవా బాబూ?” అన్నాడు.

పాలెంలో మొదటి మధ్యాహ్నం

నాగాయలంక దాటాక కరకట్ట మీద ఒంటెద్దు బండి. చివర మడచెట్లు, ఇసుక, తాటాకు ఇళ్లు. సుగుణమ్మ గారు ఎదురొచ్చి, “రా తమ్ముడూ, పెట్టె నువ్వు మోసుకెళ్లడానికి వచ్చావో దించడానికి వచ్చావో అని ఊరంతా ఒకటే గోల” అన్నారు.

నాంచారమ్మను చూపించారు. పాతికేళ్లుంటాయి. పెళ్లయి ఇక్కడికొచ్చాకే సుగుణమ్మ గారి దగ్గర అక్షరాలు నేర్చుకుంది. పాత పెట్టెలోవి అన్నీ చదివేసింది, రంగూన్ నుంచి నడిచొచ్చిన కుటుంబం కథ మూడుసార్లు చదివిందట. దానికి జోడీగా ఉంటుందని నేను అయిదోదిగా మగ్గం వదిలి రంగూన్ వెళ్లిన నేతగాడి కథ తెచ్చానంటే కళ్లు పెద్దవి చేసింది.

“పెట్టె పోతే నాకింక చదవడానికి ఉప్పు పొట్లాల కాయితాలే బాబూ” అంది.

ఈ చదువు గిట్టని మనిషి ఊళ్లో ఒక్కతే, ఆమె నాంచారమ్మ అత్తగారు తిరుపతమ్మ. మధ్యాహ్నం ఇసుక మీద నెత్తళ్లు, అంటే వేలెడు చేపలు, ఎండబోస్తారు. కాకులకూ కుక్కలకూ ఇద్దరు కాపలా ఉండాలి. కోడలు బడి పందిరి కింద చదువుతూ కూర్చుంటే ఒక్కతే కర్ర పట్టుకుని తిరగాలి.

“పుస్తకం చదివితే నెత్తళ్లు ఎండుతయ్యా?” అని అక్కణ్ణుంచే కేకేసింది.

“ఎండబెట్టేది ఎండ గదా పిన్నీ” అంది పందిరిలో ఒకావిడ.

“కాకుల్ని కూడా ఎండే తోలుద్దంటే నేనొచ్చి నీ పక్కన కూసుంటా.”

నాంచారమ్మ చదవడం మొదలుపెట్టింది. గొంతు పెద్దదేమీ కాదు, కాని ఎక్కడ ఆగాలో తెలుసు. కరువు, రేవు, పడవ, ఎత్తుకున్న నాలుగేళ్ల పిల్లవాడు. ఆడవాళ్ల చేతుల్లో వలలు అల్లే పురికొసలు ఆగిపోయాయి. తల్లి పిల్లవాణ్ణి పడవలోకి దించి, వంగి చెవిలో చెప్పింది: “ఎవరడిగినా మర్చిపోకు. నీ పేరు...”

నాంచారమ్మ ఆగింది.

అక్షరం తెలియలేదనుకున్నాను. “సు తరవాత బ, దానికింద బ వత్తు” అన్నాను మెల్లగా. ఆమె తల దించుకుంది. “సుబ్బారావు” అని నేనే చదివాను. పందిరంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఆ పేరు మా నాంచారికి బాగా తెలుసు బాబూ” అంది ఇందాకటావిడ. “రోజూ అన్నం పెడతంది.”

అప్పుడు తెలిసింది నాకు. ఆరు గళ్ల పట్టిక వేశాను, కథానాయకుడి పేరుకు గడి వేయలేదు. అతని పేరు నాంచారమ్మ భర్త పేరే. పక్కావిడకు మామగారి పేరు, ఆ పక్కావిడకు బావగారి పేరు. ఎవరూ ఎత్తరు. మోపిదేవి స్వామి ఇంత దగ్గరలో ఉండగా ఆ పేరు లేని ఇల్లు ఇక్కడ ఎలా ఉంటుంది?

“వేరే పుస్తకం ఇస్తాను” అన్నాను.

“ఆ పిల్లోడు పడవెక్కాడు గదా” అంది ఒకావిడ. “వాణ్ణి ఏటి మధ్యలో వదిలేత్తామా?”

“పోనీ రామయ్య అని చదవండి.”

నాంచారమ్మ పుట తిప్పి కిందికి చూసింది. “వాళ్లు మార్చనే మార్చారు బాబూ, రాజశేఖరం అని. నేను కూడా ఇంకోటి మారిస్తే ఆ పిల్లోడికింక ఏం మిగులుద్ది?”

సుగుణమ్మ గారు రెండు పుటల దాకా పేరు అందించారు. తరవాత ఆవిడే చాలించారు. “సోమవారం నేను బండెక్కుతాను. నేనందిస్తే అది చదివినట్టా తమ్ముడూ?” అన్నారు. కాదు. సంఘంలో మొదట అడిగేది అదే.

నాంచారమ్మ పుస్తకం మూసి రెండు చేతులతో నాకిచ్చి, నెత్తళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం సుగుణమ్మ గారు వేయించిన నెత్తళ్లు వడ్డించారు. ముళ్లు తీయాలనుకుని నేను కష్టపడుతుంటే, ముళ్లతోనే తినమన్నారు. మా అమ్మ గుర్తొచ్చింది. రేషను కార్డు రాసేటప్పుడు ఇంటి యజమాని పేరు చెప్పమంటే గుమస్తా ముందు ఆమె నోరు విప్పలేదు. పక్కింటావిడ చెప్పింది. నా కళ్ల ముందు జరిగిందే. ఆ సంగతి అనంతపురంలోనే వదిలేసి ఇంత దూరం వచ్చానన్నమాట.

రెండో మధ్యాహ్నం

ట్రంకుకు తాడు బిగిస్తుంటే తిరుపతమ్మ వచ్చింది. కాకుల్ని తోలే కర్ర చేతిలోనే ఉంది.

“ఇంజను బాబూ, ఒకటడుగుతా. ఆ తల్లి పిల్లోణ్ణి ఇచ్చేసి ఇంటికెళ్లి అన్నం తిందా, లేదా?”

“మీరు విన్నారా?”

“గాలి అటే గదా తోలతంది. చెప్పు.”

“నేను చెప్పకూడదండీ. చదివితే తెలుస్తుంది.”

“ఎవరు చదువుతారు? మా పిల్లేమో నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూసుంటది.” కర్ర ఇసుకలో గుచ్చింది. “ఆ పేరు కాడ దాన్ని ఆగమను. నేనంటా. నేను కన్నోడికి నేను పెట్టిన పేరేగా, నాకేం అడ్డం?”

సుగుణమ్మ గారు నా వంక చూశారు. నేను నియమం వంక చూశాను. ఊరివాళ్లు చదవాలని ఉంది గాని, ఒకే నోటితో చదవాలని ఎక్కడా లేదు.

“అయితే పందిరి కిందకి రండి” అన్నాను.

“చేపలు పందిరి కిందకి రావు. పుస్తకమే అక్కడికి రావాల.”

అలా చదువు ఇసుకలోకి మారింది. ఎండుతున్న నెత్తళ్ల చుట్టూ ఆడవాళ్లందరూ గుండ్రంగా కూర్చున్నారు. తలా ఒక పుల్ల పట్టుకున్నారు. ఇన్నాళ్లూ ఇద్దరు కాసిన చోట ఇప్పుడు ఇరవైమంది కాపలా. కాకులు చుట్టూ తిరిగి చూసి కొబ్బరిచెట్ల మీదకు వెళ్లిపోయాయి. వాసన సంగతి మాత్రం రాయకూడదు. నవల నూట నలభయ్యో పుట దగ్గర నాకది తెలియడం మానేసింది.

తిరుపతమ్మ పట్టుబట్టి మొదటి పుట నుంచి చదివించింది. పెంచినవాళ్లు రాజశేఖరం అన్నా రచయిత మాత్రం అతన్ని సుబ్బారావనే రాస్తాడు. నాంచారమ్మ చదువుతుంది, పేరు దగ్గర ఆగుతుంది. అత్త అంటుంది, కోడలు అందుకుంటుంది. నాలుగు పుటలు నడిచాక ఆ ఆగడంలో తడబాటు పోయింది. ఎనిమిది పుటలకు, రెండెడ్ల బండి నడిచినట్టే ఉంది. నేను పుస్తకం వెనక కూర్చుని పేరు వచ్చినప్పుడల్లా పెన్సిలుతో ఒక గీత పెట్టాను. లెక్కపెట్టగలిగింది ఏదైనా ఎదురైతే ఊరుకోలేను.

తిరుపతమ్మ పేరు ఒక్కటే అని ఊరుకునే మనిషి కాదు. పిల్లవాడు పెంచినింట్లో తల్లి కోసం ఏడిస్తే “సుబ్బారావు, నా తండ్రే” అంది. పెద్దయ్యాక సిగరెట్టు కాలిస్తే “సుబ్బారావు” అని పళ్లు కొరికింది. పెంచిన తల్లి జబ్బుపడితే అతను సెలవు పెట్టకుండా ఉద్యోగానికి వెళ్లాడు. అక్కడ నాంచారమ్మ ఆగితే తిరుపతమ్మ పెదవి కదపలేదు.

“అత్తా, పేరు.”

“ఆ పని చేసినోడి పేరు నేనెత్తను.”

“అనకపోతే ముందుకెట్టా పోతది?”

“ఎదవ సుబ్బారావు. పో.”

చదువు మధ్యలో తీరానికొచ్చిన పడవ మీంచి అసలు సుబ్బారావు పరుగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మా, ఇందాకట్నించి పిలుస్తన్నావు?” అంటే, “నిన్ను కాదురా, నీ పని చూసుకో” అంది. మర్నాటి మధ్యాహ్నానికి పాలెంలో ముగ్గురు సుబ్బారావులు అలా వచ్చి వెళ్లారు. ఒకతను వెళ్లకుండా వెనక కూర్చున్నాడు.

ఈ నవలను మీరు చదవాలి. గదిలో నేనొక్కణ్ణే చదివినప్పుడు ఇది ఒక మనిషి తన ఊరూ పేరూ వెతుక్కునే కథ అనుకున్నాను. ఇసుకలో విన్నప్పుడు ఇది ఇద్దరు తల్లుల కథ. పెంచిన తల్లి చెడ్డది కాదు, పేరు మార్చింది భయపడి. మొదటి పేరుతో ఎవరైనా పిలిస్తే పిల్లవాడు తిరిగి చూస్తాడేమోనని. ఆ ముక్క నేను గదిలో గమనించలేదు. ఇక్కడ దాని దగ్గర తిరుపతమ్మ “అదీ నిజమే” అంది.

చివరి అధ్యాయం

ఆదివారం. మర్నాడు సుగుణమ్మ గారు వెళ్లాలి, నేనూ వెళ్లాలి. మిగిలింది పదకొండు పుటలు. పడవలు తొందరగా వచ్చేశాయి, మగవాళ్లు కూడా వలలు దులపడం మాని నిలబడ్డారు.

రాజశేఖరంగా పెరిగిన రైల్వే గుమస్తా రేవు దాటాడు. దారి అడుగుతూ అడుగుతూ తల్లి ఇంటికి వచ్చాడు. వాకిట్లో ముసలావిడ బియ్యం ఏరుతోంది. నీడ పడితే తలెత్తింది, చూపు ఆనలేదు.

“ఎవరు బాబూ?” అని చదివింది నాంచారమ్మ, ముసలావిడ గొంతుతో.

తరవాత పుటలో ఉన్నది ఒకే వాక్యం. “నేను...” అని చదివి నాంచారమ్మ ఆగింది.

తిరుపతమ్మ అనలేదు. ఆమె చూపు చేపల మీద ఉంది. కర్ర ఒళ్లో పడిపోయింది. నాంచారమ్మ అత్త వంక చూస్తూ వేలు వాక్యం మీదే ఉంచి కూర్చుంది. అందించడానికి సుగుణమ్మ గారు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. నేను పెన్సిలు గాల్లో పట్టుకుని ఉన్నాను.

వెనక తడి వల భుజాన వేసుకుని నిలబడినతను దగ్గాడు.

“సుబ్బారావునమ్మా” అన్నాడు.

తిరుపతమ్మ తిరిగి కొడుకును చూసింది. చాలాసేపు చూసింది.

“నువ్వు కాదురా” అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. “చదవ్వే.”

నాంచారమ్మ చదివింది. చివరి పుట దాకా, తొందరపడకుండా. పుస్తకం మూశాక అందరూ లేచి నెత్తళ్లు బుట్టలకెత్తారు. పాత పెట్టెలో కొత్త అయిదూ పట్టక, నా ట్రంకు కూడా అక్కడే వదిలేసి, బట్టలు తువ్వాలులో మూటగట్టుకుని వచ్చాను. తరవాత ఏ నవల అని తిరుపతమ్మ అడిగితే నేతగాడి కథ అన్నాను. అతని పేరు ముందే చూసి చెప్పాను, పాలెంలో ఎవరికీ లేదు. ఆమెకది అంతగా నచ్చలేదు.

మా సంఘం కాగితంలో చదివేవారి సంఖ్య అన్నచోట ఇద్దరు అని రాశాను. బస్సులో పెన్సిలు గీతలు లెక్కపెట్టాను. ఆ నవలలో సుబ్బారావు పేరు రెండు వందల పద్నాలుగు చోట్ల ఉంది. తిరుపతమ్మ అన్నవి రెండు వందల పదమూడు.